సొంత గొంతుతో పలకాలి

రోజు 1

ఇళ్ల ఆఫీసులో ఈ పుస్తకం చేతికిచ్చి రోజూ ఎంతో కొంత రాయమన్నారు. పైన ఒంటరిగా ఉండబోయే ప్రతివాళ్లూ రాయాలట. ఏం రాయాలని గుమాస్తా ఇస్సాకు గారిని అడిగితే, ఏం తిన్నారు, ఎలా నిద్రపోయారు, ఎవరితో మాట్లాడారు, ఇవి చాలన్నారు. ఒక్కళ్లే ఉన్నప్పుడు మతి ఎటు పోతోందో రాతలో తెలిసిపోతుందట. చివర్లో ఆయనే చదువుతారు. కాబట్టి ఇస్సాకు గారూ, నా దస్తూరిని క్షమించండి. ఇరవై ఆరేళ్లుగా పలక మీద నిలువు గీతలు పెట్టడమే తప్ప నేను పెద్దగా రాసింది లేదు.

నా పేరు నారు వెంగమ్మ. నలభై తొమ్మిదేళ్లు. నాలుగో సాలలో హాజరు పిలుస్తాను. మీరు కుర్రవాళ్లు, గని ఎరగని చల్లటి ఊరి నుంచి వచ్చారు కాబట్టి ఈ ముక్క రాస్తున్నాను. మండిన ఏళ్లలో మా ఊరంతా పలకల గనుల్లోకి దిగింది. లోపల చల్లగా ఉండేది. గనిలో తొలిచిన పెద్ద గదిని సాల అంటాం, ఒక్కో సాలకు అరవై నాలుగు మంది. పూటపూటకీ గంట కొట్టగానే నేను పిలుపు రాయి ఎక్కి ఒక్కొక్కరి పేరూ పిలవాలి. ఎవరికి వాళ్లు సొంత గొంతుతో 'ఉండా' అనాలి. పలకని పేరుంటే ఆ మనిషి పైకి పోయినట్టే లెక్క. పావుగంటలో వెతికేవాళ్లు బయల్దేరాలి. ఆ ఎండలో అంతకు మించి ఆలస్యమైతే తెచ్చేది మనిషిని కాదు.

ఇప్పుడు చలవ పెంకులొచ్చాయి. వాటితో కప్పిన తెల్ల బ్లాకుల్లో మధ్యాహ్నం కూడా మనిషి బతకొచ్చు. మా సాలలో పదకొండు మంది మిగిలాం. నెలాఖరుకు అది కూడా మూసేస్తారు. పిల్లా పీచూ ఉన్నవాళ్లు కుటుంబాలుగా పైకి పోయారు. నేను గుట్ట బ్లాకులో మూడో అంతస్తు అడిగాను. ఒక గది, వంటమూల, ఒక కిటికీ, ఒక తలుపు. తలుపుకు లోపల గడియ ఉంది. గనిలో తలుపులు లేవు, గోనెపట్టాలే. గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుని దరఖాస్తు మీద సంతకం పెట్టాను.

రోజు 2

నియమాలు ఇవాళ నిదానంగా చదివాను. ఒంటరిగా ఉండేవాళ్లకు ఒక ఆరా మనిషి ఉండాలి. ఆ మనిషి పావుగంట నడక దూరంలో కాపురముండాలి. పొద్దున గంటకూ, సాయంత్రం గంటకూ కిటికీ కింద నిలబడి పూర్తి పేరు పెట్టి పిలవాలి. లోపలివాళ్లు కిటికీలోకి వచ్చి సొంత గొంతుతో పలకాలి. పలికితే పట్టీలో గీత, లేకపోతే సున్న. పలక్కపోతే ఆరా మనిషి వెంటనే వెతకాలి. ఇలా ఇరవై ఒక్క రోజులు. మూడు సున్నలు పడితే ఇల్లు వరసలో తర్వాతి వాళ్లకు పోతుంది. తప్పుడు గీత పెట్టారని తేలితే ఇద్దరికీ పైన ఉండే అర్హతే పోతుంది.

ఈ పని యంత్రం చేయదా అని నేనే అడిగాను. మొదట్లో చేసిందట. ఒక ఇంట్లో పంకా చప్పుడు విని, మనిషి బాగానే ఉన్నాడని పదకొండు రోజులు చెప్పిందట. ఆ తర్వాత తలుపు పగలగొట్టారు. అందుకని మనుషుల్నే పెట్టారు.

ఆరా మనిషిని వారంలోపు చూపించాలి. అప్పటిదాకా ఆ ఇంట్లో పగలు ఉండొచ్చు గానీ పడుకోకూడదు. వారమెందుకు, ఒక పూట చాలనుకున్నాను. అరవై నాలుగు మందిని ఇరవై ఆరేళ్లు పిలిచినదాన్ని. నన్ను పిలవడానికి ఒక్కరు దొరకరా?

సాలలో మాత్రం నవ్వుతున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదో దారి అని హనుమాయమ్మ నా మొహం మీదే అంది. ఏడో సాలలో నాకు చోటుందట, అక్కడ కూడా పిలుపు రాయి ఎక్కొచ్చట. నాకు వద్దు. ఒకళ్లున్నారా లేరా అని చూసుకోవడంతోనే నా వయసంతా పోయింది. లోపల గడియ పెట్టుకుని, ఎవరెక్కడున్నారో తెలియకుండా ఒక్క పూటైనా కూర్చోవాలని ఉంది.

రోజు 3

ఇల్లు కడిగాను. సంతకు పోయి చాప, బిందె, చెంబు, తాళంకప్ప కొన్నాను. తాళం నా జీవితంలో మొదటిది. కొట్టువాడు తాళంచెవి తిప్పి చూపిస్తే నవ్వొచ్చింది.

మధ్యాహ్నం మొదటి వంట. సాలలో నా వంతు వచ్చినప్పుడల్లా అరవై నలుగురికి వండాను. ఒక్క మనిషికి బియ్యం ఎన్నో తెలియదు. బాగా తగ్గించే పోశాననుకున్నాను. అన్నం గిన్నె మూత నెట్టుకుని పైకొచ్చింది. రెండో గిన్నెలోకి తీశాను, అదీ నిండింది. కొత్త బిందెలోకి కూడా తీశాను. ఆఖరికి బ్లాకులోని ఇళ్లన్నిటికీ తిరిగి, కొత్తగా వచ్చానమ్మా, ఇదిగో అన్నం అని పంచిపెట్టాను. కింద ఇంటావిడ ఇది ఏ మొక్కుబడి అని అడిగింది. అవునని చెప్పాను.

రోజు 5

ఆరా మనిషి దొరకలేదు.

గుట్ట బ్లాకుకు పావుగంట దూరంలో మా సాలవాళ్లు ఐదుగురున్నారు. సుబ్బరాయుడు మోకాళ్ల నొప్పులన్నాడు. అతను రోజూ చెరువు కట్టదాకా నడవడం ఊరంతా చూస్తోంది. పేరమ్మ కోడలితో గొడవ, ఏ పూట ఎక్కడుంటుందో తెలియదంది. అంకయ్య పొద్దున లేవలేనన్నాడు. అది నిజమే, ఇరవై ఆరేళ్లూ పొద్దుటి పిలుపుకు నిద్రలోనే పలికాడు.

చినకోటయ్య ఒక్కడే ఉన్నమాట చెప్పాడు. "నువ్వు పిలిస్తే మేం పలకాల గానీ, మేం పిలిస్తే నువ్వు పలికేదేందక్కా? నాకు నోరు రాదు. అసలు నీ పేరేంది?"

అతని తప్పు కాదు. హాజరు పట్టీలో పిలిచేవాళ్ల పేరు ఉండదు. తనని తాను ఎవరు పిలుచుకుంటారు? సాలలో పిల్ల నుంచి ముసలిదాకా నన్ను పిలుపక్క అనే అన్నారు. కానీ ఇంటికొచ్చాక ఆ మాట గుచ్చుకుంది. ఇన్నేళ్లలో ఏ పూటైనా నేను కనబడకపోతే ఎవరికీ తెలిసేది కాదని ఇవాళే తోచింది. కాసేపు ఏడ్చాను. మతి బాగానే ఉంది ఇస్సాకు గారూ, ఏడుపే వచ్చింది.

ఐదో మనిషి మస్తానమ్మ. కొడుకు, కోడలితో కలిసి గుట్ట కింది వీధిలో ఉంటుంది. ఆమెను అడగలేదు. మేమిద్దరం మాట్లాడుకుని పదకొండేళ్లయింది. ఆమె భర్త సైదులు ఎండకు పోయాడు. ఆ సంగతి ఇక్కడ అవసరం లేదు.

రోజు 7

గడువు ఆఖరి రోజు. ఖాళీ కాగితం తిరిగి ఇచ్చేద్దామని ఆఫీసుకు పోయాను. ఇస్సాకు గారు తలెత్తకుండానే అంతా సరిపోయింది, ఇవాళ నుంచి అక్కడే పడుకోవచ్చన్నారు. నా దరఖాస్తు తీసి చూపించారు. ఆరా మనిషి అన్నచోట మస్తానమ్మ సంతకం ఉంది. నిన్న తనే వచ్చి పెట్టిపోయిందట. మీరు పంపారనుకున్నానే అన్నారు ఆయన.

అవునని తలూపాను. లోపల మాత్రం ఒళ్లు మండింది. నేను అడగని ఉపకారం ఎందుకు చేసిందో తెలియదు. వద్దని చెబితే ఇల్లు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాళంచెవి తీసుకుని వచ్చేశాను.

గడియ పెట్టుకుని పడుకున్నాను. సాలలో అరవై మంది ఊపిరీ గురకా మధ్య నిద్రపోయిన ప్రాణం. నిద్ర పట్టేసరికి చాలాసేపైంది. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

రోజు 8

మొదటి పిలుపే తప్పాను.

పొద్దున గంట కొట్టింది. కింద ఎవరో "నారు వెంగమ్మా" అని పిలుస్తున్నారు. ఎవరో పాపం పలకడం లేదు, ఏమైందో అనుకుంటూ పొయ్యి ఊదుకుంటున్నాను. మూడోసారి పిలుపూ వినిపించింది. ఈ వెంగమ్మ ఎవరో ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నట్టుంది అనుకున్నాను. ఇది అబద్ధం కాదు, సరిగ్గా ఇలాగే అనుకున్నాను.

తర్వాత తలుపు దబదబ మోగింది. తీస్తే మస్తానమ్మ. మూడంతస్తులెక్కి రొప్పుతోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, బతికే ఉన్నానని రూఢి చేసుకుని, చీటీ తీసి సున్న రాసింది. వచ్చిన దారినే దిగిపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని మా అమ్మ అనేది. అది నేనే.

రోజు 10

నాలుగు పూటలుగా పలికాను. గంట కొట్టడానికి ముందే కిటికీ దగ్గర స్టూలేసుకుని కూర్చుంటున్నాను. ఆమె పిలుస్తుంది, నేను ఉండా అంటాను, ఆమె గీత పెట్టి పోతుంది. మా మధ్య మాటలు అంతే.

బియ్యం లెక్క కుదిరింది. అర గ్లాసు. ఇంత చిన్న గిన్నెలో అన్నం ఉడుకుతుంటే పిల్లల బొమ్మలాటలా ఉంది. మధ్యాహ్నం గడియ పెట్టుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎంత హాయిగా ఉందో రాయడానికి నాకు మాటలు చాలవు.

రోజు 13

రెండో సున్న పడింది. ఎలా పడిందో రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

సాయంత్రం స్టూలు మీద కూర్చుని కునికాను. గంట కొట్టింది. ఆ చప్పుడుకు ఇరవై ఆరేళ్లుగా నా కాళ్లు చేసే పని ఒక్కటే. లేచి స్టూలెక్కాను. గొంతెత్తి అంకయ్య, అచ్చమ్మ అంటూ పిలవడం మొదలుపెట్టాను. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎదురుగా కిటికీ, గుట్ట, ఎండ కనిపిస్తూనే ఉన్నాయి. నోరు మాత్రం ఆగలేదు. పేరుకూ పేరుకూ మధ్య, పలకడానికి పట్టే సమయం కూడా ఆగుతున్నాను. వీధిలో పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు.

సుబ్బరాయుడు అన్నాను. తర్వాత సైదులు అన్నాను.

పదకొండేళ్లుగా ఆ పేరు పట్టీలో లేదు. సుబ్బరాయుడు తర్వాత హనుమాయమ్మే. కానీ రోజూ ఆ రెండు పేర్ల మధ్య నా నాలుక ఒక్క క్షణం ఆగుతూనే ఉండేది. ఇవాళ ఆగలేదు.

అప్పుడు కిందికి చూశాను. మస్తానమ్మ చీటీ పట్టుకుని తల పైకెత్తి నిలబడి ఉంది. నేను పలకాలన్న సంగతి నాకు గుర్తు రాలేదు. ఆమె పిలిచింది నాకు వినబడనే లేదు, మళ్లీ పిలవలేదు. కాసేపటికి చీటీ మీద ఏదో గీసి, వీధి వెంట నెమ్మదిగా పోయింది. గీసింది సున్నే.

రోజు 14

ఇవాళ రాయడానికి ఏమీ లేదు. పప్పుచారు పెట్టుకున్నాను. రెండు పూటలా పలికాను.

రోజు 18

ఇంకొక్క సున్న పడితే ఇల్లు పోతుంది. సంతకు కూడా మధ్యలో పోయి గంటకు ముందే వచ్చేస్తున్నాను. మస్తానమ్మ ఏ పూటా తప్పలేదు. ఒకరోజు గాలిదుమారం వచ్చింది. నెత్తిన గోనెసంచి కప్పుకుని వచ్చి పిలిచింది. పైకి రమ్మని అందామనుకున్నాను. అనలేదు.

ఇల్లు మాత్రం నాదైపోయింది. గోడకు మేకు కొట్టి చీర ఆరేసుకుంటున్నాను. కిటికీలో పుదీనా వేశాను. కింద ఇంటావిడ మజ్జిగ ఇచ్చి, మళ్లీ మొక్కుబడి ఎప్పుడని అడిగింది. రాత్రి నిద్ర కూడా పడుతోంది. ఈ ఇంటిని పోగొట్టుకుంటే బతకలేనని అనను గానీ, పోగొట్టుకోవాలని లేదు. నా అంతట నేను కోరుకున్నది జీవితంలో ఇదొక్కటే.

రోజు 27

ఇంకొక్క రోజే మిగిలింది అని పొద్దున రాయబోయాను. రాయకపోవడమే మంచిదైంది.

ఇవాళ నాలుగో సాల మూసేశారు. మిగిలిన పదిమందిని తీసుకుపోవడానికి ఏడో సాల నుంచి హాజరు పిలిచే కొండయ్య మధ్యాహ్నానికి రావాలి. హాజరు పుస్తకాలు కట్టగట్టి ఆఫీసుకు అప్పగించడం నా పని. రోజూ పలక మీది గీతలను ఎక్కించిన పుస్తకాలు అవి. గని నుంచి గుట్ట బ్లాకుకు నలభై నిమిషాల నడక. మూడింటికల్లా తిరిగి బయల్దేరదామనుకున్నాను.

కొండయ్య రాలేదు. ముసలివాళ్లు మూటల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. హనుమాయమ్మకు ఆయాసం వచ్చింది, దగ్గర కూర్చుని విసురుతున్నాను. సాయంత్రం గంట కొట్టింది. నేను పైకి పోయినప్పటి నుంచి వంతులవారీగా పిలుచుకుంటున్న పదిమందీ నా వైపు చూశారు. నేను రాయి ఎక్కాను. పదిమందినీ పిలిచాను, పదిమందీ పలికారు. అంకయ్య తమ్ముడు, "నీ గొంతు లేకపోతే గంట కొట్టినట్టే ఉండదక్కా" అన్నాడు. నాకు సంతోషం వేసింది. రాయి దిగేదాకా సంతోషంగానే ఉన్నాను. దిగాక గుర్తొచ్చింది.

పుస్తకాల కట్ట నెత్తిన పెట్టుకుని పరిగెత్తాను. వచ్చేసరికి మస్తానమ్మ మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉంది. మొహం కందిపోయింది. చీర అంచంతా పల్లేరుకాయలు. తలుపుకు తాళం ఉండటం చూసి నేను ఎండలో ఎక్కడో పడిపోయాననుకుందట. గుట్ట చుట్టూ మూడుసార్లు తిరిగింది, నా పేరు పిలుస్తూ. గొంతు పోయింది. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుంది.

చెంబుతో నీళ్లిచ్చాను. తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, చీటీ తీసింది. అందులో ఈ పూట ఇంకా ఖాళీగానే ఉంది.

"గీత పెట్టేస్తా," అంది. "బతికే ఉండావు గదా. ఎవరు చూశారు? ఇల్లు పోగొట్టుకోబాక."

సరే అన్న మాట నా నోటిదాకా వచ్చింది. రేపొక్క రోజు గడిస్తే ఈ గది నాది. ఆమె బొటనవేలు, చూపుడువేలు మధ్య పెన్సిలు ముక్క కనిపిస్తోంది. ఆ చెయ్యి ఆమెదైనా, గీత పెట్టేది మాత్రం నేనే అనిపించింది. ఇంకోసారి.

"పెట్టబాక అక్కా," అన్నాను. "నువ్వు పిలిచినప్పుడు నేను లేను. లేనని రాయి."

మస్తానమ్మ చీటీ ఒళ్లో పెట్టుకుంది. "ఆ రోజు నువ్వు ఈ మాటే అని ఉంటే, ఆయన బతికేవోడు."

"అవునక్కా."

"ఉండాడని నేను చెప్పకపోయినా బతికేవోడే."

నేను నెత్తి మీది కట్ట దించాను. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఇస్సాకు గారూ, ఇక్కడ అవసరం లేదని రాశాను గదా, అవసరముంది. పదకొండేళ్ల కిందట వైశాఖంలో, మధ్యాహ్నం పిలుపులో సైదులు పేరు పిలిచాను. అతను పలకలేదు. "ఉండాడు, పడుకోనుండాడు" అని మస్తానమ్మ చెప్పింది. పాత ఇంటి దగ్గర మేక ఈనిందని అతను సాలలో ఎవరికీ చెప్పకుండా పైకి పోయాడు. పిల్లను తీసుకుని క్షణంలో వస్తానన్నాడట. తెలిస్తే వారం పాటు నీళ్ల వంతు కోస్తారని ఆమె భయం. సొంత గొంతు వినకుండా గీత పెట్టకూడదు. నేను దిగి పోయి గోనెపట్టా ఎత్తి చూడాలి. సైదులు పేరు పట్టీలో అరవై మూడోది. నాకు ఉక్కపోతగా ఉంది, కాళ్లు లాగుతున్నాయి, ఇంకొక్క పేరైతే రాయి దిగి కూర్చోవచ్చు. ఆమె గొంతులో తేడా కూడా తెలిసింది. తెలిసే గీత పెట్టాను. సాయంత్రం పిలుపుకు ఆమె నోరు మెదపలేదు. అప్పుడు వెతికేవాళ్లు పోయారు. సైదులు చేతుల్లో మేకపిల్ల బతికే ఉంది.

పుస్తకంలో గీత ఉంది కాబట్టి, మధ్యాహ్నం పిలుపు అయ్యాకే అతను పైకి పోయాడని అందరూ అనుకున్నారు. ఆమె నా మీద చెప్పలేదు, నేను ఆమె మీద చెప్పలేదు. ఒకరి మొహం ఒకరు చూడకుండా అదే సాలలో పదకొండేళ్లు బతికాం. సాలలో నుంచి నేను పైకి పారిపోవాలనుకున్నది కూడా అందుకే. ఇన్నాళ్లూ తలుపు కోసమని నన్ను నేను నమ్మించుకున్నాను.

నా ఆరా మనిషిగా ఎందుకు సంతకం పెట్టావని అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదని తెలిసిందట. "నువ్వు ఒంటిగా పోతే, ఆ రోజు సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగుల్తా," అంది. "అది మోయడం నా వల్ల కాదు."

ఇదంతా పుస్తకంలో రాయనా అని అడిగాను. రాస్తే ఆఫీసులో చదువుతారని కూడా చెప్పాను. ఆమె కొడుకుకు తెలియదు. "రాయి," అంది. "వాడికి ఈ రాత్రి నేనే చెప్తా." తర్వాత చీటీలో సున్న పెట్టింది. సున్న కాస్త కోడిగుడ్డులా వచ్చింది.

రోజు 28

పొద్దున మస్తానమ్మతో కలిసి ఆఫీసుకు పోయాను. కొడుకు ఏమన్నాడని దారిలో అడిగాను. అన్నం తినకుండా పడుకున్నాడట. పొద్దున మాత్రం చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టాడట. కాళ్ల నిండా బొబ్బలున్నాయి కదా, మెత్తవి వేసుకో అన్నాడట.

ఇస్సాకు గారు మమ్మల్ని కూర్చోబెట్టి ఈ పుస్తకం మొత్తం చదివారు. నిన్నటి పేజీ రెండుసార్లు చదివారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మూడు సున్నలు కాబట్టి ఇల్లు వరసలో తర్వాతి వాళ్లకు పోతుంది, ఆయన చేయగలిగింది లేదు. గని నాటి గీతలకు శిక్ష వేసే నియమం పైన లేదు. కానీ తప్పని తెలిసిన హాజరును దిద్దుకునే వీలుంది. పిలిచినవాళ్లూ, పలికినవాళ్లూ ఇద్దరూ ఉండి సంతకం చేయాలి. ఇంతవరకూ అలా ఎవరూ రాలేదట.

నేను తెచ్చిన కట్ట విప్పి ఆ ఏడాది పుస్తకం తీశాం. వైశాఖం పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు, పుస్తకం అక్కడికే తెరుచుకుంది. మధ్యాహ్నం వరసలో అరవై నాలుగు గీతలు, నా చేతివే. అరవై మూడో గీత మీద అడ్డంగా కొట్టేసి పక్కన 'లేడు' అని రాశాను. కింద నా పేరు పూర్తిగా రాశాను. హాజరు పుస్తకంలో నా పేరు పడటం అదే మొదటిసారి. మస్తానమ్మ సంతకం పెట్టింది. తర్వాత ఆ 'లేడు' అన్న మాట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చింది నేను. ఇస్సాకు గారు లేచి పక్క గదిలోకి పోయారు.

తిరిగి వచ్చి, మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటారా అని అడిగారు. అదే బ్లాకులో అన్నిటికన్నా కింద, నేల అంతస్తులో ఒక ఇల్లు ఈ వారమే ఖాళీ అవుతోందట. కిటికీ వీధిలోకే, మెట్లు లేవు. మళ్లీ మొదటి నుంచి ఇరవై ఒక్క రోజులు. ఆరా మనిషి ఎవరని రాయమంటారు అన్నారు.

నేను మస్తానమ్మ వైపు చూడలేదు. అడగడానికి నాకు మొహం లేదు.

"కింది ఇల్లయితే నా మోకాళ్లకు మంచిది," అంది ఆమె ఇస్సాకు గారితో. "రాయి నాయనా."

మళ్లీ రోజు 1

ఏడు రోజులు ఏడో సాలలో పడుకున్నాను. కొండయ్య పూటపూటకీ పిలిచాడు. నా పేరు పట్టీ చివర చేర్చాడు, రెండుసార్లు తప్పు పలికాడు. నిన్న సాయంత్రం చాపా బిందే తెచ్చుకుని కింది ఇంట్లోకి చేరాను. పుదీనా బతకలేదు. గడియ మాత్రం పైదానికన్నా గట్టిది.

పొద్దున గంట కొట్టకముందే కిటికీ తీసి నిలబడ్డాను. మస్తానమ్మ వీధి మలుపు తిరిగి, కొడుకు ఇచ్చిన మెత్తటి చెప్పులతో నెమ్మదిగా వచ్చింది. కిటికీకి రెండడుగుల దూరంలో ఆగింది. ఇంత దగ్గర నుంచి గొంతెత్తి పిలవడం ఇద్దరికీ సిగ్గుగానే ఉంది. గంట కొట్టింది.

ఆమె "నారు" అనగానే ఉండా అనేశాను.

"పేరంతా పిలవనీయవే," అని విసుక్కుంది. మళ్లీ మొదటి నుంచి పిలిచింది. ఈసారి పేరు పూర్తయ్యేదాకా ఆగి, ఉండానక్కా అన్నాను.